పాత కంప్యూటర్లు కొని బాగుచేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అటక మీద దుమ్ము పట్టిన 486 కంప్యూటర్, ఆఫీసు స్టోర్ రూములో మూలన పడేసిన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, స్క్రాప్ షాపులో కంటపడిన మదర్‌బోర్డు... ఈ హాబీ చాలామందికి ఇలాగే మొదలవుతుంది. కొత్తగా వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. మన ఊళ్లలో ఎక్కువగా దొరికేవి 286 నుంచి పెంటియం 3 వరకు ప్రాసెసర్లున్న పీసీలే కాబట్టి ఎక్కువ భాగం వాటి గురించే ఉంటుంది.

మొదటిసారి కొనేవాళ్లు ఏది తీసుకుంటే మంచిది?

పెంటియం 2 లేదా పెంటియం 3. ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్ ఉన్న బోర్డు దొరికితే ఇంకా మంచిది. 1998లో వచ్చిన ఆ చిప్‌సెట్‌కు నమ్మకమైనదని పేరు. వీటిలో చాలావరకు ఇప్పటికీ వాడే ఏటీఎక్స్ రకం బోర్డులే, కాబట్టి పాత ఎస్ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బా) పోయినా ఇప్పటి ఎస్ఎంపీఎస్‌తో చాలావాటిని నడపొచ్చు. యూఎస్‌బీ ఉంటుంది, సీడీ డ్రైవ్ ఉంటుంది, విండోస్ 98 హాయిగా నడుస్తుంది. ఐఎస్ఏ స్లాటు (పాత రకం కార్డులు పెట్టే గాడి) కూడా ఉన్న బోర్డయితే డాస్ కాలం నాటి సౌండ్ కార్డులు పెట్టుకోవచ్చు.

386, 486 మీద మనసుంటే వాటికే వెళ్లండి. కానీ అవి రెండో మెషీన్‌గా వస్తే బాగుంటుంది. వాటిలో జంపర్లు, హార్డ్ డిస్క్ టైపులు, ర్యామ్ జతలు ఇలా నేర్చుకోవాల్సినవి చాలా ఉంటాయి. మొదటి మెషీన్ ఆన్ కాకపోతే సగం మంది ఈ హాబీనే వదిలేస్తారు.

ఎక్కడ దొరుకుతాయి?

హైదరాబాద్‌లో అయితే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. అందరూ సీటీసీ అనే పిలుస్తారు. ముందు షాపుల్లో కొత్త సామానే ఉంటుంది. లోపలి గల్లీల్లో రిపేర్ చేసేవాళ్లను అడగాలి. కోఠి వైపు కెపాసిటర్లు, ఐసీలు, కనెక్టర్లు దొరుకుతాయి. ఎర్రగడ్డలో ఆదివారం సంతకు, జుమేరాత్ బజార్‌కు పొద్దున్నే వెళ్తే ఒక్కోసారి మంచి సరుకు తగులుతుంది. చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్‌పీ రోడ్ ఇలాంటివే.

నా లెక్కలో వీటన్నిటికన్నా మంచి చోటు తెలిసినవాళ్ల ఇళ్లు, పాత సంస్థలు. డీటీపీ షాపులు, ప్రింటింగ్ ప్రెస్‌లు, టైపింగ్ నేర్పి తర్వాత కంప్యూటర్ కోర్సులకు మారిన ఇన్‌స్టిట్యూట్లు, పాలిటెక్నిక్ కాలేజీల ల్యాబులు, రిటైరైన ఇంజనీర్లు. "పాత కంప్యూటర్లుంటే పడేసే ముందు నాకో మాట చెప్పండి" అని నలుగురి చెవిలో వేసి ఉంచండి.

స్క్రాప్ షాపువాళ్లతో పరిచయం పెంచుకోవడం చాలా ముఖ్యం. వాళ్లకు బోర్డు విలువ బరువులోనూ, అందులోని బంగారు పూతలోనూ ఉంటుంది. సిరామిక్ ప్రాసెసర్లను, ముఖ్యంగా 486లను, పెంటియం ప్రోలను బంగారం కోసమే పక్కకు తీస్తారు. అక్కడ నుంచి అవి ఢిల్లీ సీలంపూర్ లాంటి చోట్లకు వెళ్లి యాసిడ్‌లో మునుగుతాయి. ఆ పని చేసేవాళ్ల ఒంటికీ అది విషమే. స్క్రాప్ షాపువాళ్లకు వచ్చే ధర కన్నా కాస్త ఎక్కువిస్తామని ముందే చెప్పి ఉంచితే బోర్డు విరగ్గొట్టకుండా ఉంచుతారు. బేరం మరీ గీచి గీచి ఆడితే రెండోసారి ఫోన్ రాదు.

కొనే ముందు ఏం చూడాలి?

క్యాబినెట్ మూత తీసి చూపించమనండి. తీయనంటే ఆ ధరను సగం చేసి ఆలోచించండి. లోపల ముందుగా చూడాల్సింది బ్యాటరీ. 286 నుంచి 486 వరకు చాలా బోర్డుల మీద, కీబోర్డ్ సాకెట్‌కు దగ్గరలో, నీలం రంగు ప్లాస్టిక్ చుట్టిన చిన్న పీపా లాంటి నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. దాని చుట్టూ ఆకుపచ్చగానో, నీలంగానో పొక్కుల్లా తేలి ఉంటే అది లీకైనట్టు. కొద్దిగా ఉంటే ఫర్వాలేదు. ప్రాసెసర్ సాకెట్ దాకా పాకితే మాత్రం అది రిపేర్ అనుభవం ఉన్నవాళ్లు చూడాల్సిన బోర్డు.

తర్వాత కెపాసిటర్ల తలలు ఉబ్బాయా, ఎక్కడైనా కాలిన మచ్చలున్నాయా, ర్యామ్ సాకెట్ల క్లిప్పులు విరిగాయా చూడండి. బల్లి దూరి చచ్చిన ఎస్ఎంపీఎస్‌లు మన దగ్గర మామూలే. వెనక స్లాటు కవర్లు లేని క్యాబినెట్‌లో ఎలుక గూడు కూడా ఉండొచ్చు. ఎలుక మూత్రం రాగి గీతలను తినేస్తుంది.

"వర్కింగే సార్, డిస్‌ప్లే కేబుల్ లేక చూపించలేకపోతున్నా" అనే మాటకు విలువ ఇవ్వకండి. మీ కళ్ల ముందు నడవని ప్రతిదీ పాడైన సామాను కిందే లెక్కేసి ధర కట్టండి.

ఇంటికి తెచ్చాక వెంటనే ఆన్ చేయొచ్చా?

చేయకండి. ఈ పేజీలో ఒక్క మాటే గుర్తుంచుకోగలిగితే అది ఇదే కావాలి. పదేళ్లకు పైగా పడి ఉన్న మెషీన్లలో చాలావాటికి చివరి దెబ్బ తగిలేది ఎవరో ఆత్రంగా ప్లగ్ పెట్టిన ఆ క్షణంలోనే.

ముందు ఎస్ఎంపీఎస్ వెనక ఉన్న చిన్న ఎర్ర స్విచ్ చూడండి. 115, 230 అని రెండు ఉంటాయి. మనకు 230 ఉండాలి. 115 మీద పెట్టి మన కరెంటు ఇస్తే, లోపల 200 వోల్టులకు తయారైన రెండు పెద్ద కెపాసిటర్ల మీద కలిపి దాదాపు 650 వోల్టులు పడతాయి. అవి బాంబులా పేలతాయి. అమెరికా నుంచి వచ్చిన మెషీన్లలో ఇది మరీ జాగ్రత్తగా చూసుకోవాలి.

తర్వాత ఎస్ఎంపీఎస్‌ను బోర్డు నుంచి విడదీసి ఒంటరిగా పరీక్షించండి. మన టీవీ మెకానిక్‌లు ఎప్పటి నుంచో వాడే సిరీస్ బల్బు ఇక్కడ బాగా పనికొస్తుంది. 100 వాట్ల పాత రకం ఫిలమెంట్ బల్బును ఫేజ్ వైరులో వరసగా కలిపి, దాని ద్వారా ఎస్ఎంపీఎస్‌కు కరెంటు ఇవ్వాలి. బల్బు ఒక్కసారి మెరిసి డిమ్ అయితే మంచిదే. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉంది. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. మెయిన్స్ వైరింగ్ అలవాటు లేనివాళ్లు ఈ పని తెలిసిన మెకానిక్ పక్కనుండగానే చేయండి.

ఏటీఎక్స్ కన్నా పాత రకమైన ఏటీ ఎస్ఎంపీఎస్‌లు లోడు లేకుండా సరిగా నడవవు. పనికిరాని హార్డ్ డిస్క్ ఒకటి తగిలించి, మల్టీమీటర్‌తో ఎర్ర వైరు మీద 5 వోల్టులు, పసుపు వైరు మీద 12 వోల్టులు వస్తున్నాయా చూడండి. 5 వోల్టుల లైను 4.75కి, 5.25కి మధ్య ఉండాలి. అంతకు మించితే బోర్డుకు పెట్టకండి.

ఏటీ బోర్డుకు వెళ్లే కనెక్టర్లు రెండు: పీ8, పీ9. రెండూ పక్కపక్కన పెట్టినప్పుడు నల్ల వైర్లన్నీ మధ్యలో ఒకచోటికి రావాలి. అటూ ఇటూ మారిస్తే బోర్డు పోతుంది. పెట్టాక ఒకసారి, స్విచ్ వేసే ముందు ఇంకోసారి చూసుకోండి.

క్యాబినెట్ ముట్టుకుంటే జుమ్మంటోంది. పాడైందా?

చాలాసార్లు లోపం మెషీన్‌లో ఉండదు, ఇంటి ఎర్తింగ్‌లో ఉంటుంది. ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటును క్యాబినెట్‌కు పంపుతాయి. అది ఎర్త్ వైరు ద్వారా భూమిలోకి పోవాలి. ఎర్త్ లేకపోయినా, రెండు పిన్నుల అడాప్టర్ పెట్టినా అది మీ వేలి మీదుగా పోతుంది. ముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించండి. ఎర్త్ లేకుండా ప్రింటర్, మానిటర్ కేబుళ్లు పీకి పెడుతుంటే పోర్టులు కాలిపోతాయి.

బ్యాటరీ లీకైన బోర్డును ఎలా శుభ్రం చేయాలి?

బ్యాటరీని మొదటి రోజే తీసేయండి, లీకవ్వకపోయినా సరే. కటింగ్ ప్లయర్‌తో కాళ్లు కత్తిరించి తీయండి. సోల్డర్‌తో తీస్తానని లాగితే కింద రాగి ప్యాడ్ లేచి వస్తుంది. అక్కడ కారింది క్షారం కాబట్టి తెల్ల వెనిగర్‌ గానీ నిమ్మరసం గానీ ఇయర్ బడ్‌తో అద్ది, ఆ మరకల మీద పూయండి. చిన్నగా బుడగలు వస్తాయి. బుడగలు ఆగేదాకా పాత టూత్ బ్రష్‌తో మెల్లగా రుద్దండి. ఆ తర్వాత ఫిల్టర్ నీళ్లతో కడిగి, చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి ఆరబెట్టండి. వెనిగర్ బోర్డు మీద మిగిలిపోతే అది ఇంకో రకం తుప్పు మొదలుపెడుతుంది. చేతికి గ్లౌజులు వేసుకోండి, కాడ్మియం మంచిది కాదు.

ఇక ఓపిక కావాల్సిన పని. బోర్డు మీద ఆకుపచ్చ పూత నల్లబడిన చోట రాగి గీతలు తెగి ఉండొచ్చు. భూతద్దం పెట్టి ఒక్కో గీతను రెండు కొసల మధ్య మల్టీమీటర్ బీప్ మోడ్‌లో చూడాలి. బీప్ రాని గీతకు సన్నని ఎనామెల్ వైరు సోల్డర్ చేయాలి. కీబోర్డ్ కంట్రోలర్ చిప్పు చుట్టూ ఉన్న గీతలు ముందు చూడండి. బ్యాటరీకి దగ్గరగా ఉంటాయి కాబట్టి వాటికే ఎక్కువ దెబ్బ తగులుతుంది. బోర్డంతా బాగున్నట్టే కనిపించి కీబోర్డ్ మాత్రం పనిచేయకపోవడానికి ఇదే కారణమవుతుంది.

కొత్త బ్యాటరీ కోసం, చాలా బోర్డుల మీద బయటి బ్యాటరీకి నాలుగు పిన్నుల హెడర్ ఉంటుంది. మూడు ఏఏ సెల్స్ పట్టే హోల్డర్‌కు ఒక డయోడ్ కలిపి అక్కడ పెడితే సరిపోతుంది. సీఆర్2032 కాయిన్ సెల్ పెట్టాలనుకుంటే డయోడ్ తప్పనిసరి. ఆ బోర్డు పాత బ్యాటరీని ఛార్జ్ చేసేలా తయారైంది. కాయిన్ సెల్‌ను ఛార్జ్ చేస్తే అది పగులుతుంది.

బ్యాటరీయే కనిపించని బోర్డుల్లో డల్లాస్ అని రాసి ఉన్న నల్లటి దిమ్మ లాంటి చిప్పు ఉంటుంది. దాని కడుపులోనే లిథియం సెల్ ఉంటుంది. డీఎస్12887 లాంటి ఆ చిప్పులు సాకెట్‌లో ఉంటే మార్చడం తేలికే.

కెపాసిటర్లు అన్నీ మార్చేయాలా?

అక్కర్లేదు. బాగా పనిచేస్తున్న బోర్డు మీద అన్నీ పీకి కొత్తవి వేస్తే కొత్త సమస్యలు తెచ్చుకోవడమే. ఏ కాలం బోర్డు అన్నదాన్ని బట్టి నిర్ణయించండి. సుమారు 1999 నుంచి 2007 మధ్య తయారైన బోర్డుల్లో నాసిరకం ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు విపరీతంగా పోయాయి. పెంటియం 3 చివరి రోజులవి, పెంటియం 4, అథ్లాన్ బోర్డులు ఈ కోవలోకి వస్తాయి. ప్రాసెసర్ పక్కన తల ఉబ్బినవి కనిపిస్తే ఆ వరసంతా మార్చండి. తక్కువ ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) ఉన్న రకమే, 105 డిగ్రీలదే తీసుకోండి.

386, 486 బోర్డుల్లో ఎలక్ట్రోలైటిక్‌లు తక్కువ, టాంటలమ్ కెపాసిటర్లు ఎక్కువ. ఇవి ఎక్కువగా షార్టయి పోతాయి. ఎస్ఎంపీఎస్ ఒంటరిగా బాగా నడిచి, బోర్డుకు పెట్టగానే ఆగిపోతుంటే 12 వోల్టుల లైనులో ఒక టాంటలమ్ షార్టయిందేమో చూడండి.

యాపిల్ మ్యాకింటాష్ ఎస్ఈ/30, క్లాసిక్, అమిగా 600, 1200 ఉన్నవాళ్లు మాత్రం ఆలస్యం చేయకండి. వాటి సర్ఫేస్ మౌంట్ కెపాసిటర్లు పైకి బాగానే కనిపిస్తూ కింద కారుతుంటాయి.

ఏ పనిముట్లు కావాలి?

వేడి తగ్గించి పెంచుకునే సోల్డరింగ్ ఐరన్, 60/40 సోల్డర్ లెడ్, మంచి ఫ్లక్స్, కరిగిన సోల్డర్‌ను పీల్చే సక్కర్, డీసోల్డరింగ్ విక్, డిజిటల్ మల్టీమీటర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, స్క్రూడ్రైవర్లు. మామూలు రకం తీసుకుంటే పెద్ద ఖర్చేమీ కాదు. మల్టీమీటర్ దగ్గర మాత్రం పొదుపు చేయకండి. ఓసిల్లోస్కోప్ తొందరేమీ లేదు. ఐఎస్ఏ, పీసీఐ రెండిటికీ పనిచేసే పోస్ట్ (POST) కార్డు, అంటే బోర్డును పరీక్షించే కార్డు, ఒకటి కొనుక్కోండి. బోర్డు ఎక్కడిదాకా లేచి ఆగిపోయిందో దాని మీద నంబరుగా చూపిస్తుంది.

ఫ్యాన్ తిరుగుతోంది, డిస్‌ప్లే రావడం లేదు. ఏం చేయాలి?

ప్రాసెసర్, ర్యామ్, డిస్‌ప్లే కార్డు, స్పీకర్ తప్ప మిగతావన్నీ పీకేయండి. స్పీకర్ మర్చిపోవద్దు, అదే మీకు కబురు చెప్పేది. బయాస్ అంటే కంప్యూటర్‌ను లేపే మొదటి ప్రోగ్రాము, బోర్డు మీది చిప్పులో ఉంటుంది. అవార్డ్ కంపెనీ బయాస్‌లో ఒక పొడుగు బీప్, రెండు పొట్టి బీపులు వస్తే డిస్‌ప్లే కార్డు సమస్య. ఏఎంఐ బయాస్‌లో మూడు బీపులంటే మొదటి 64 కిలోబైట్ల మెమరీలో తేడా.

అసలు బీపే రాకపోతే ముందు ర్యామ్ కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో తుడవండి. ర్యామ్ లెక్క సరిపోయిందా చూడండి: 30 పిన్నుల సిమ్ములు (పాత రకం ర్యామ్ పలకలు) 386డీఎక్స్, 486లో నాలుగేసి పెట్టాలి. 286, 386ఎస్ఎక్స్‌లో రెండేసి. 72 పిన్నులవైతే 486కు ఒకటి చాలు, పెంటియంకు రెండు కావాలి. కొత్తవాళ్లు "పాడైంది" అని అమ్మేసిన బోర్డుల్లో ర్యామ్ జత కుదరనివి చాలా ఉంటాయి.

పాత హార్డ్ డిస్క్ ఉంది. ఫార్మాట్ చేసేయొచ్చా?

దయచేసి చేయకండి. ముందు అందులో ఉన్నదంతా కాపీ తీయండి. ఇది తెలుగువాళ్లకు మరీ ముఖ్యం. 1980ల చివరి నుంచి 2000 దాకా తెలుగులో కంప్యూటర్ మీద కూర్చిన పుస్తకాలు, పత్రికలు, కరపత్రాలు, పెళ్లి శుభలేఖలు ఈ డిస్కుల్లోనే ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఇంకో కాపీ లేదు.

కాపీ తీసే పద్ధతి: 1990ల మధ్యకు ముందటి డిస్కులు చాలావరకు ఎల్‌బీఏ (సెక్టార్లను వరస నంబర్లతో పిలిచే పద్ధతి) తెలియనివి. యూఎస్‌బీ అడాప్టర్లలో ఎక్కువ భాగం వాటిని గుర్తించవు. మదర్‌బోర్డు మీదే ఐడీఈ (పాత హార్డ్ డిస్కులు తగిలించే) పోర్టున్న పెంటియం 3 లేదా 4 మెషీన్ ఒకటి దీనికోసమే ఉంచుకోండి. లైనక్స్ సీడీతో బూట్ చేసి డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో మొత్తం డిస్కును ఒకే ఇమేజ్ ఫైలుగా తీయండి. చదవలేని చోట అది ఆగిపోకుండా ముందుకెళ్లి, తర్వాత మళ్లీ ప్రయత్నిస్తుంది. డిస్క్ లేబుల్ మీద ఉన్న సిలిండర్లు, హెడ్లు, సెక్టార్ల అంకెలను ఫోటో తీసి ఉంచండి. పాత బయాస్‌కు అవి చేత్తో ఇవ్వాలి.

ఫాంట్ ఫైళ్లను కూడా వదలకండి. అను, శ్రీలిపి లాంటి వాటితో కూర్చిన తెలుగు యూనికోడ్ కాదు. ఆ ఫాంట్ లేకుండా ఫైలు తెరిస్తే పిచ్చి గుర్తులే కనిపిస్తాయి. ప్రింటర్ పోర్టుకు తగిలించే లాక్ ఏదైనా మెషీన్ వెనక కనిపిస్తే అదీ జాగ్రత్తగా దాచండి. కొన్ని డీటీపీ సాఫ్ట్‌వేర్లు అది లేనిదే తెరుచుకోవు.

వేరేవాళ్ల మెషీన్ కొన్నప్పుడు అందులో వాళ్ల సొంత ఉత్తరాలు, లెక్కలు ఉంటాయి. అవి దొరికితే వాళ్లకు కాపీ ఇవ్వండి, బయట పెట్టకండి.

ఎట్టి పరిస్థితుల్లో వదులుకోకూడని సామాను ఏది?

జిస్ట్ కార్డు. ఐఐటీ కాన్పూర్‌లో మొదలైన పనిని పుణెలోని ప్రభుత్వ సంస్థ సీడాక్ ముందుకు తీసుకెళ్లి తయారుచేసిన కార్డు ఇది. ఐఎస్ఏ స్లాటులో పెడితే డాస్ తెర మీద తెలుగుతో సహా భారతీయ లిపులు కనిపించేవి. స్క్రాప్‌లో ఇది మామూలు డిస్‌ప్లే కార్డులాగే ఉంటుంది. కార్డు మీద ఏం రాసుందో చదవకుండా పక్కన పెట్టకండి.

రెండోది ఈసీఐఎల్‌కు సంబంధించింది ఏదైనా. హైదరాబాద్‌లోని ఆ సంస్థ 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారుచేసింది. బోర్డు కాదు కదా, ఒక మాన్యువల్, ఒక సర్క్యూట్ డయాగ్రమ్ దొరికినా స్కాన్ చేసి నలుగురికీ అందేలా చేయండి. అలాగే హెచ్‌సీఎల్, విప్రో తొలి పీసీల మాన్యువళ్లు, డ్రైవర్ ఫ్లాపీలు. విదేశీ మెషీన్లకు కాగితాలు ఎవరో ఒకరు దాచారు. మనవాటికి మనమే దాచాలి.

హార్డ్ డిస్క్, ఫ్లాపీ డ్రైవ్ పూర్తిగా పోతే?

ఐడీఈ నుంచి కాంపాక్ట్ ఫ్లాష్ అడాప్టర్ చవక. 1994కు ముందటి బయాస్‌లు సాధారణంగా 504 మెగాబైట్లు దాటి చూడలేవు, అందుకు తగ్గ కార్డు చూసుకోండి. ఫ్లాపీ బదులు గోటెక్ డ్రైవ్ పెట్టి పెన్ డ్రైవ్‌తో నడపొచ్చు. అసలు డ్రైవ్‌ను పారేయకుండా ఉంచండి. బూజు పట్టిన ఫ్లాపీని డ్రైవ్‌లో పెడితే హెడ్ పాడై తర్వాతి ఫ్లాపీ కూడా గీసుకుపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలోని ఫ్లాపీలను ముందు వాటి మీది చిన్న రేకు మూత జరిపి వెలుతురులో చూడండి.

పసుపెక్కిన ప్లాస్టిక్ తెల్లబడుతుందా?

తెల్లబడుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ క్రీమ్ పూసి, పారదర్శక కవర్ చుట్టి ఎండలో పెడతారు. మన ఎండాకాలంలో జాగ్రత్త, క్రీమ్ ఎండిపోతే మచ్చలు పడతాయి, మూత వంకర పోతుంది. మధ్యాహ్నం వద్దు, పొద్దుటి ఎండ చాలు. కొన్నేళ్లకు మళ్లీ పసుపు రావచ్చు. నాకైతే పసుపు రంగు అడ్డు కాదు.

సీఆర్‌టీ మానిటర్ నేనే రిపేర్ చేయొచ్చా?

వద్దు. పిక్చర్ ట్యూబుకు వేల వోల్టులు వెళ్తాయి, ప్లగ్ తీసేశాక కూడా ట్యూబులో ఛార్జ్ మిగిలి ఉంటుంది. మీ ఊళ్లో పాత టీవీ మెకానిక్ ఇంకా ఉంటే ఆయన దగ్గరికే తీసుకెళ్లండి, పక్కన కూర్చుని నేర్చుకోండి.

స్పెక్ట్రమ్, కమొడోర్ 64, బీబీసీ మైక్రో మన దగ్గర దొరుకుతాయా?

అప్పుడప్పుడు. ఇవి 1980ల ఇంటి కంప్యూటర్లు. డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ 1986లో స్పెక్ట్రమ్ ప్లస్‌ను లైసెన్సు తీసుకుని డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ పేరుతో ఇక్కడ అమ్మింది. కంప్యూటర్ చదువు కోసం 1984లో మొదలైన క్లాస్ పథకం కింద స్కూళ్లకు బీబీసీ మైక్రోలు వెళ్లాయి. వాటినే మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ యూనికార్న్ పేరుతో తెచ్చింది. పాత స్కూళ్ల స్టోర్ రూముల్లో అడగండి.

కమొడోర్ 64 దొరికితే దాని అసలు అడాప్టర్‌ను వాడకండి. అందులోని రెగ్యులేటర్ పాడైనప్పుడు 5 వోల్టులు పెరిగి ర్యామ్ చిప్పులను కాల్చేస్తుంది. కొత్తగా తయారైన సప్లై తీసుకోండి. స్పెక్ట్రమ్ అడాప్టర్ మధ్య పిన్ను నెగటివ్, ఇప్పటి చాలా అడాప్టర్లలో పాజిటివ్. బీబీసీ మైక్రో ఎస్ఎంపీఎస్‌లో రీఫా అనే పసుపు రంగు పారదర్శక కెపాసిటర్ పగిలి గది నిండా ఘాటు పొగ నింపుతుంది. ఆన్ చేసే ముందే దాన్ని ఎక్స్2 రకంతో మార్చండి.

విదేశాల నుంచి తెప్పించుకోవచ్చా?

వాడిన కంప్యూటర్ల దిగుమతి మీద మన దేశంలో ఆంక్షలున్నాయి, కస్టమ్స్‌లో పార్సిల్ ఆగిపోవచ్చు. ముందు నిబంధనలు చూసుకోండి. చిప్పులు, కీబోర్డ్ మెంబ్రేన్ లాంటి కొత్త విడిభాగాలతో ఇంత టెన్షన్ ఉండదు. అమెరికా కమొడోర్ ఎన్‌టీఎస్‌సీ అనే అక్కడి టీవీ పద్ధతిది, 110 వోల్టులది అని గుర్తుంచుకోండి. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. న్యూజెర్సీ వైపు ఉన్న మనవాళ్లు వాల్ టౌన్‌షిప్‌లో జరిగే వింటేజ్ కంప్యూటర్ ఫెస్టివల్ ఈస్ట్‌కు ఒకసారి వెళ్లి రండి. రిపేర్ చేసేవాళ్లతో నేరుగా మాట్లాడొచ్చు.

ఎంత ప్రయత్నించినా బాగుపడని బోర్డును ఏం చేయాలి?

ఉంచుకోండి. సాకెట్లు, క్రిస్టల్, కీబోర్డ్ కంట్రోలర్, క్యాష్ ర్యామ్ చిప్పులు ఇంకో బోర్డుకు ప్రాణం పోస్తాయి. అన్నిటికన్నా ముందు బయాస్ చిప్పును తీసి ఈప్రామ్ ప్రోగ్రామర్‌తో దాని డేటా కాపీ చేసి పెట్టుకోండి. చిప్పు మధ్యలో గాజు కిటికీ ఉంటే దాని మీది స్టిక్కర్ పీకకండి, ఊడిపోతే నల్ల టేపు అంటించండి. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు లోపలిది మెల్లగా చెరిగిపోతుంది. తీసిన ఫైలుకు బోర్డు మోడల్, చిప్పు మీద రాసున్న తేదీతో పేరు పెట్టండి. అదే బోర్డుతో అదే బయాస్ పోగొట్టుకున్నవాళ్లు ఎక్కడో ఒకచోట వెతుకుతూ ఉంటారు.